ఎవరి బిడ్డవు?

స్కాట్లండు వాయవ్య తీరంలోని ఉల్లాపూల్ రేవులో ఓడ ఎక్కినవారు మించ్ జలసంధి దాటి, రెండుముప్పావు గంటల ప్రయాణం తరువాత లూయిస్ దీవిలోని స్టోర్నవే పట్టణం చేరుకుంటారు. రేవు చుట్టూ నాలుగు వీధులు, ఒక కోట, కొద్దిపాటి తోపు. ఊరు దాటిన పిమ్మట చెట్టన్నది అరుదు. కనుచూపు మేర గోధుమవన్నె బురదనేల, నడుమ నడుమ చిన్న చిన్న నీటిమడుగులు. ఆ నేలను గడ్డలు గడ్డలుగా కోసి ఎండబెట్టి, కట్టెలకు బదులుగా తరతరాలుగా పొయ్యిలో కాల్చుకున్నారు. పల్లెలు గుంపుగా ఉండవు. బాట పొడవునా, సముద్రపు గాలికి ముఖమిచ్చి, ఇల్లు వెనుక ఇల్లుగా సాగిపోతాయి.

ఇటువంటి పల్లెలో కొత్త కుర్రవాడు ఎదురుపడితే ముసలివారు అడిగే మొదటి ప్రశ్న “నీ పేరేమిటి?” అన్నది కాదు. “కో లేష్ ఊ?” అని అడుగుతారు. గేలిక్ భాషలో ఆ మాటకు “నీవు ఎవరివాడవు?” అని అర్థం. తెలుగు పల్లెలో రచ్చబండ మీది పెద్దమనిషి “ఎవరబ్బాయివిరా నువ్వు?” అని అడిగే తీరుకూ దీనికీ ఆవగింజంత భేదం లేదు. ప్రశ్న అడిగినవారికి ఒక పేరు చాలదు. “డొనాల్డ్ ఇయన్ షేమస్” అని కుర్రవాడు చెప్పాలి. అంటే షేమస్ కుమారుడైన ఇయన్, అతని కుమారుడు డొనాల్డ్ అన్నమాట. తర్పణం విడిచే వేళ పితృ, పితామహ, ప్రపితామహుల పేర్లు వరుసగా చెప్పే అలవాటున్నవారికి ఈ పద్ధతి వింతగా తోచదు.

ఇంటిపేరు చెబితే సరిపోదా? సరిపోదు. లూయిస్ దీవిలో మక్లౌడ్, మెక్డొనాల్డ్, మెకంజీ, మారిసన్, మకైవర్ వంటి కొద్ది ఇంటిపేర్లలోనే జనంలో అధికభాగం ఇమిడిపోతారు. ‘మక్’ అంటే కుమారుడు. మెక్డొనాల్డ్ డొనాల్డ్ సంతతివాడు, మక్లౌడ్ లియోడ్ సంతతివాడు. స్త్రీలకు గేలిక్‌లో ‘మక్’ వాడరు, కుమార్తె అనే అర్థం గల ‘నిక్’ వాడతారు. ఇంగ్లీషు దస్తావేజులు ఈ సూక్ష్మం ఎరుగవు. వాటి లెక్క ప్రకారం అక్కడి ఆడపిల్లలందరూ నేటికీ ఎవరో ఒకరి కుమారులే.

ఇంటిపేర్లే కాదు, పిలుపుపేర్లూ కొద్దిపాటివే. డొనాల్డ్, జాన్, మర్డో, ఆంగస్, కెనెత్. ఆడపిల్లలలో మేరీ, మార్గరెట్, కేథరిన్, ఆన్. ఒకే బాటమీద నలుగురు డొనాల్డ్ మక్లౌడ్‌లు ఉండటం సాధారణం. అందుచేత నల్ల డొనాల్డ్, ఎర్రజుట్టు డొనాల్డ్, పొట్టి డొనాల్డ్, దర్జీ డొనాల్డ్ అని మారుపేర్లు తప్పలేదు. ఈశాన్య తీరంలోని జాలరిపల్లెలలో ఈ ఇబ్బంది మరీ ముదిరి, మారుపేర్లు సర్కారు పుస్తకాలలోకి సైతం ఎక్కినవి. అసలు పేరు పక్కన కుండలీకరణాలలో మారుపేరు చేర్చకపోతే పన్ను ఎవరు కట్టారో, పెండ్లి ఎవరికైనదో తేలేది కాదు.

ఇంతటి పేర్ల కరవు వారికి పేర్లు తెలియక వచ్చినది కాదు. బిడ్డకు పేరు వెతికి పెట్టే స్వేచ్ఛ తల్లిదండ్రులకు లేకపోవడం చేత వచ్చింది. మొదటి మగబిడ్డకు తండ్రి తండ్రి పేరు, రెండవవానికి తల్లి తండ్రి పేరు, మూడవవానికి తండ్రి పేరు. మొదటి ఆడబిడ్డకు తల్లి తల్లి పేరు, రెండవ ఆమెకు తండ్రి తల్లి పేరు, మూడవ ఆమెకు తల్లి పేరు. ఇది స్కాట్లండు అంతటా చాలాకాలం నడిచిన వాడుక. చట్టం కాదు, కాని తప్పిన కోడలిమీద అత్తవారి అలక ఏపాటిదో ఊహించుకోవచ్చు. తాతలిద్దరి పేర్లూ ఒకటే అయినప్పుడు కూడా ఎవరికీ లోటు చేయలేక, ఒకే ఇంట అన్నదమ్ములిద్దరికీ జాన్ అని పెట్టి, పెద్ద జాన్, చిన్న జాన్ అని పిలుచుకున్న కుటుంబాలున్నవి. బిడ్డ పసితనంలో పోతే ఆ పేరు తరువాత పుట్టినవానికి వచ్చేది. పాత చర్చి పుస్తకాలలో ఒకే తల్లిదండ్రులకు అదే పేరుతో ఇద్దరు ముగ్గురు బిడ్డలు కనిపించినప్పుడు చదివేవారు వ్రాతగాని పొరపాటని మొదట అనుకుంటారు. తరువాత సంగతి బోధపడి పుట మూసివేస్తారు.

మగపిల్లవాడు పుట్టక తాత పేరు ఆగిపోయే పరిస్థితి వస్తే? దానికీ ఉపాయం చూచుకున్నారు. తాత పేరు చివర ‘ఇన’ చేర్చి మనుమరాలికి పెట్టేవారు. డొనాల్డ్ డొనాల్డిన అయినాడు. మర్డో మర్డిన, హ్యూ హ్యూయిన, కెనెత్ కెనెతిన, ఆంగస్ ఆంగసిన అయినారు. ఇంగ్లీషు చెవికి ఈ పేర్లు హాస్యాస్పదంగా తోస్తాయి. కాని వాటిని మోసిన స్త్రీలు తక్కువవారు కారు. 1857లో డండీ నగరంలో పుట్టిన విలియమిన ఫ్లెమింగ్ అమెరికా చేరి, హార్వర్డ్ ఖగోళశాలలో చిత్రఫలకాలు పరిశీలిస్తూ, 1888లో గుర్రపు తల ఆకారంలోని నీహారికను కనుగొన్నది. విలియం అనే పేరు ఆ విధంగా నక్షత్రమండలం దాకా వెళ్లింది.

వరుసగా బిడ్డలు దక్కని ఇంట మాత్రం ఈ నియమం పక్కన పెట్టేవారు. బాప్టిజానికి శిశువును తీసుకొని పోతుండగా దారిలో మొదట ఎదురైన మనిషి పేరే ఆ బిడ్డకు పెట్టేవారు. గేలిక్‌లో దానిని ‘బాట పేరు’ అన్నారు. ఎదురైనవారి అదృష్టం బిడ్డకు సంక్రమిస్తుందని నమ్మకం. మృత్యువు కంట పడకుండా బిడ్డకు పెంటయ్య అనో పుల్లయ్య అనో పేరుపెట్టి, విస్తరాకులో పడవేసి తిరిగి తెచ్చుకున్న తెలుగు తల్లులకు ఈ బాధ వేరుగా వివరించనక్కరలేదు.

స్టోర్నవే రేవుకు కొద్ది దూరంలో హోమ్ అనే చోట ఒడ్డున ఒక స్మారకస్తంభం ఉన్నది. 1919 జనవరి 1వ తేదీ తెల్లవారకముందు, యుద్ధం ముగిసి కొత్త సంవత్సరానికి ఇండ్లకు వస్తున్న నావికులతో ‘ఐయొలేర్’ అనే నౌక ఇక్కడి రాళ్లకు తగిలి మునిగింది. గేలిక్‌లో ఆ మాటకు గరుడపక్షి అని అర్థం. ఒడ్డు కొన్ని గజాల దూరంలోనే ఉన్నది. రేవు దీపాలు కనిపిస్తూనే ఉన్నవి. 201 మంది మరణించారు. నాలుగు సంవత్సరాల యుద్ధాన్ని దాటి వచ్చినవారిని ఇంటి వాకిట సముద్రం తీసుకొన్నది. మృతుల జాబితా చదివితే జాన్, డొనాల్డ్, మర్డో, ఆంగస్ పేర్లే మళ్లీ మళ్లీ వస్తాయి. ఆ దీవిలో అప్పటి యుద్ధవీరుల పట్టికను సైతం ఊరు వారీగా, ఇంటి నెంబరు వారీగా వ్రాయవలసి వచ్చింది. పేరు ఒక్కటే చాలక ఇంటి గుర్తు కూడా కావలసి వచ్చింది. ఇటువంటి నేలమీద తరువాతి బిడ్డకు పేరు పెట్టడమంటే అందమైన శబ్దం ఎంచుకోవడం కాదు. పోయినవానికి తిరిగి ఇంట చోటివ్వడం. ఆడబిడ్డ అయితే మర్డిన అవుతుంది, అంతే.

ఇక అర్థాల మాట. వ్యవహారంలో ఎవరూ వాటిని తలచుకోకపోయినా ఈ పేర్లకు మంచి అర్థాలున్నవి. డొనాల్డ్ అంటే ప్రపంచాన్ని ఏలేవాడు, మన జగపతి. 2017లోను, మళ్లీ 2025లోను అమెరికా అధ్యక్షపదవి చేపట్టిన డొనాల్డ్ ట్రంప్ తల్లి మేరీ ఆన్ మక్లౌడ్ 1912లో ఈ లూయిస్ దీవిలోనే టాంగ్ గ్రామంలో పుట్టింది. ఆమె మొదట నేర్చిన భాష గేలిక్. డంకన్ అంటే గోధుమవన్నె యోధుడు. ఫెర్గస్ అంటే బలశాలి. మర్డో సాగరవీరుడు. ఫిన్లే తెల్లని వీరుడు. కెనెత్‌కు గేలిక్ మూలరూపమైన ‘కోన్యఖ్’ అంటే సుందరుడు.

మాల్కమ్ అనే పేరుకు ప్రత్యేకంగా ఒక మాట చెప్పాలి. దీని మూలరూపానికి ‘కొలంబా ఋషికి తల గొరిగించుకున్న దాసుడు’ అని అర్థం. కొలంబా క్రీ.శ. 563లో ఐర్లండు నుండి వచ్చి ఐయోనా దీవిలో మఠం స్థాపించి, 597లో అక్కడే దేహం చాలించిన మహనీయుడు. ఆయన పేరు నేరుగా బిడ్డకు పెట్టడం తగదని వినయంతో దాసనామం కూర్చారు. స్కాట్లండు సింహాసనంపై ఈ పేరుతో నలుగురు రాజులు కూర్చున్నారు. గిలిస్ అంటే యేసుదాసు, గిలెస్పీ అంటే బిషప్పుగారి సేవకుడు. రామదాసు, శివదాసు అని పెట్టుకున్నవారికి ఆ మనస్సు తెలుస్తుంది.

ఐయోనా అనే పేరు వెనుక ఒక వ్రాతతప్పు ఉన్నది. పాత లాటిను గ్రంథాలలో దీవి పేరు ‘ఇఔవ’ అనే రూపంలో ఉండేది. ఎవరో లేఖకుడు ఒక అక్షరాన్ని మరొకటిగా చదవడంతో అది ఐయోనా అయి, అట్లాగే నిలిచిపోయింది. చిత్రమేమంటే, హీబ్రూ భాషలో ఆ ధ్వనికి పావురమని అర్థం. లాటిను భాషలో కొలంబా అన్నా పావురమే. పొరపాటు కూడా గురువుగారి పేరునే చెప్పింది. ఈనాడు స్కాట్లండులో ఎందరో ఆడపిల్లలు ఐయోనాలు.

నార్వే నావికులు ఈ దీవులను శతాబ్దాల తరబడి ఏలారు. 1266లో జరిగిన పెర్త్ ఒడంబడికతో పశ్చిమదీవులు స్కాట్లండు రాజుకు దక్కినవి. ఓడలు వెళ్లిపోయినా పేర్లు దిగిపోయినవి. టార్క్విల్ అనే పేరులో ఉరుముల దేవుడు థార్ దాగి ఉన్నాడు. సోమర్లెడ్ అంటే గ్రీష్మయాత్రికుడు, అంటే వేసవి రాగానే ఓడ వేసుకొని దోపిడికి బయలుదేరేవాడు. మకాలే అంటే ఓలాఫ్ అనే నార్వే పేరుగలవాని కొడుకు. 1835లో మన దేశానికి ఇంగ్లీషు చదువు సిఫారసు చేసిన థామస్ బాబింగ్టన్ మెకాలే పూర్వులు లూయిస్ దీవి మకాలేలే. ఆయన తాత హెబ్రిడీస్ దీవులలో గేలిక్ మాట్లాడే జనం నడుమ మతబోధకుడుగా పనిచేశాడు. రెండు తరాలలో ఆ భాష ఆ ఇంటిని విడిచింది.

తెలుగువారికి ఈ దీవితో అంతకంటె దగ్గరి బంధుత్వం ఉన్నది. 1754లో స్టోర్నవేలో పుట్టిన కాలిన్ మెకంజీ 1783లో భారతదేశం చేరి, తరువాత దేశానికి సర్వేయర్ జనరల్ అయినాడు. మెకంజీ అంటే కోన్యఖ్ కొడుకు, సుందరుని కుమారుడు. కాలిన్ అనే పేరుకు గేలిక్‌లో కుక్కపిల్ల అని అర్థం చెబుతారు. కావలి బొర్రయ్య, ఆయన సోదరులు లక్ష్మయ్య, రామస్వామి తోడుగా ఆయన తెలుగు గ్రామాల కైఫీయతులు సేకరింపజేశాడు. ఈ ఊరికి ఆ పేరు ఎందుకు వచ్చింది, ఎవరు కట్టించారు, ఎవరు ఏలారు అని కరణాలను, పూజారులను, వృద్ధులను విచారించి వ్రాయించిన ఆ కాగితాలు నేటికీ ఆంధ్ర చరిత్రకారులకు ఆధారం. పుట్టిన దీవిలో ప్రతి పిల్లవాణ్ణీ అడిగే ప్రశ్ననే ఆయన ఇక్కడ ప్రతి గ్రామాన్నీ అడిగించాడు. స్టోర్నవేకు ఆయన తిరిగి పోలేదు. 1821లో కలకత్తా ప్రాంతాన మరణించాడు.

లూయిస్ నుండి ఓడలో తిరిగి ఉల్లాపూల్ చేరి, కొండల నడుమ తూర్పుగా సాగితే క్రోమర్టీ ఉప్పుటేరు కనిపిస్తుంది. ఇది మన్రో వంశస్థుల సీమ. ఆల్నెస్ పట్టణం ఎగువన ఫైరిష్ అనే కొండ శిఖరాన రాతి కమానులు నిలిచి ఉన్నవి. చూచినవారు ఏ పాత కోట శిథిలమో అనుకుంటారు. అది నాగపట్నం కోట వాకిలికి నమూనా! 1781లో డచ్చివారినుండి నాగపట్నం పట్టుకున్న హెక్టర్ మన్రో స్వదేశం చేరిన పిదప దీనిని కట్టించాడు. పనిలేక అలమటించే ఊరివారికి కూలి కల్పించడానికి కట్టించాడని, పని దినాలు పెరగడానికి రాళ్లను కొండమీదినుండి దొర్లించి మళ్లీ మోయించాడని అక్కడ చెప్పుకుంటారు.

ఈ మన్రో అనే ఇంటిపేరు రాయలసీమలో బారసాల చేసుకున్నది. 1761లో గ్లాస్గోలో పుట్టిన థామస్ మన్రో 1800 మొదలు 1807 వరకు దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా ఉండి, గుర్రంమీద ఊరూరు తిరిగి రైతువారీ శిస్తు ఏర్పరచాడు. తరువాత మద్రాసు గవర్నరై, 1827లో కర్నూలు సీమలోని పత్తికొండలో కలరాతో మరణించాడు. కడప, అనంతపురం ప్రాంతాల రైతు కుటుంబాలు మగబిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నవి. తిరుమల కొండమీద మన్రో గంగాళం అనే మాట నేటికీ వినిపిస్తుంది. మన్రో అంటే ‘రో’ నది ప్రాంతంవాడని స్కాట్లండు వంశచరిత్రలు చెబుతాయి. ఆ నది ఐర్లండులో ఉన్నది. ఎక్కడి ఐర్లండు నది, ఎక్కడి పెన్న ఒడ్డున ఉయ్యాలలోని మన్రోలప్ప! పేరు పెట్టిన తల్లికి ఆ అర్థంతో పనిలేదు. మనవడికి తాత పేరు పెట్టినట్టే, మేలు చేసినవాని పేరును ఇంట ఉంచుకున్నది.

ఇంటిపేర్ల అర్థాలలో మరొక వినోదం ఉన్నది. కామెరాన్ అంటే వంకర ముక్కు. కాంప్‌బెల్ అంటే వంకర మూతి. 2010 నుండి 2016 వరకు బ్రిటిష్ ప్రధానమంత్రిగా ఉన్న డేవిడ్ కామెరాన్ గారిది ఈ వంకర ముక్కు వంశమే. ఎప్పటిదో ఒక మూలపురుషుని ముఖలక్షణం ఇంటిపేరై, ఆ ఇంటిపేరు ఇప్పుడు బిడ్డలకు ముద్దుపేరైనది. డగ్లస్ అంటే నల్లని ఏరు, లోగన్ అంటే చిన్న పల్లం, బ్లెయిర్ అంటే మైదానం.

ఇవన్నీ హాస్యానికి అందే సంగతులు. కాని స్కాట్లండులో పేరు ప్రాణాలు తీసిన రోజులున్నవి. సెంట్రల్ హైలండ్స్‌లోని బల్‌విడర్ అనే లోయలో, శిథిలమైన పాత చర్చి పక్కన, రాబ్ రాయ్ మక్‌గ్రెగర్ సమాధి చూడటానికి యాత్రికులు వస్తుంటారు. 1603 ఏప్రిలులో, ఫ్రూయిన్ లోయ పోరాటం జరిగిన రెండు నెలలకు, ఆరవ జేమ్స్ రాజు ప్రభుత్వం మక్‌గ్రెగర్ అనే ఇంటిపేరును రద్దు చేసింది. ఆ పేరు విడువనివారికి మరణదండన. ఇండ్లు తగులబడినవి, మనుషులు వేటాడబడినారు. బతికినవారు కాంప్‌బెల్, డ్రమండ్, గ్రాహమ్, మరే అని పొరుగువారి పేర్లు తగిలించుకొని కొండలలో చెదిరిపోయినారు. 1633 నాటి చట్టం ఊయల దాకా చేయి చాచింది. ఏ మతగురువూ ఏ మగబిడ్డకూ గ్రెగర్ అని బాప్టిజం ఇవ్వరాదని శాసించింది. 1661లో ఈ నిషేధం తొలగింది, 1693లో మళ్లీ వచ్చింది, చివరకు 1774లో శాశ్వతంగా పోయింది.

రాబ్ రాయ్ 1671లో పుట్టి 1734లో పోయినాడు. తన జీవితంలో పెద్దభాగం సొంతపేరు కాగితంమీద పెట్టరాని కాలమే. తల్లి ఇంటిపేరైన కాంప్‌బెల్‌తో సంతకాలు చేశాడు. అయినా ఊరివారికి మాత్రం అతడు ఎవరి బిడ్డో తెలుసు. రాయ్ అంటే ఎర్రజుట్టువాడు. అది ఏ చట్టానికీ అందని మారుపేరు. ఇప్పటి సమాధి రాతిమీద ‘వారు కాదన్నా మక్‌గ్రెగరే’ అనే భావంగల మాట చెక్కి ఉన్నది. నూటడెబ్బది ఏండ్ల పాటు రాజ్యం తుడిచిన పేరు, తుడుపు ఆగగానే వందలాది ఇండ్లలో మళ్లీ పలికింది. పిల్లలకు ఎవరో రహస్యంగా చెబుతూనే ఉండి ఉండాలి.

మరొక తుడుపు నెత్తురు లేకుండా, సిరాతో జరిగింది. ఎడింబరోలో ప్రిన్సెస్ వీధి చివరి భాగాన న్యూ రిజిస్టర్ హౌస్ అనే భవనం ఉన్నది. లోపల ఎత్తైన గుమ్మటం క్రింద చుట్టూ ఇనుప మెట్ల అంతస్తులలో వేలాది దస్త్రాలు. జననాల పుస్తకాలకు ఎర్ర అట్టలు, మరణాలకు నల్లవి, వివాహాలకు ఆకుపచ్చవి. మనిషి బ్రతుకంతా మూడు రంగులలో సర్దిపెట్టారు. 1855 జనవరి 1 నుండి స్కాట్లండులో జననమరణాల నమోదు చట్టప్రకారం తప్పనిసరి అయింది. నమోదు ఇంగ్లీషులో. రిజిస్ట్రారు ముందు నిలిచిన గేలిక్ తండ్రి చెప్పిన పేరుకు ఇంగ్లీషులో ‘సమానమైన’ పేరు వెతికి వ్రాసేవారు.

ఆ సమానత్వం ఏ పాటిదో చూడండి. ‘బెహాక్’ అనే ఆడపేరు గేలిక్‌లో ప్రాణం అనే మాట నుండి పుట్టింది. దస్త్రంలో అది రెబెకా అయినది, లేదా సోఫియా అయినది. ‘సోహర్ల’, అంటే పైన చెప్పిన గ్రీష్మయాత్రికుడు, శామ్యూల్ అయినాడు. ‘టోరమట్’ నార్మన్ అయినాడు. గిలెస్పీ ఆర్చిబాల్డ్ అయినాడు. అర్థంతో గాని, మూలంతో గాని వీటికి సంబంధం లేదు. ఇంట ఒక పేరు, కాగితంమీద ఒక పేరు. 1872 విద్యాచట్టం గేలిక్ ఊసెత్తకపోవడంతో బడి కూడా దస్త్రం పక్షమే చేరింది. ప్రాణమ్మ అని తల్లి పిలిచిన పిల్ల బడిలో రెబెకా అని పలకవలసి వచ్చింది. ఆ దస్త్రాలలో పూర్వులను వెతుక్కోవడానికి ఈనాడు కెనడానుండి, ఆస్ట్రేలియానుండి వచ్చేవారు రెబెకా దొరికినా బెహాక్ దొరకక తికమకపడుతుంటారు.

ఇంగ్లీషువారి చెవి వలన కలిగిన మరొక వింత చెప్పకుండా ముందుకు పోరాదు. తెలుగులో రాముడు పిలిచినప్పుడు ‘రామా!’ అవుతాడు. గేలిక్‌లోను సంబోధనలో పేరు మారుతుంది. అయితే మార్పు మొదటి అక్షరంలో వస్తుంది. షేమస్ అనే పిల్లవాణ్ణి తల్లి “అ హేమిష్!” అని కేక వేస్తుంది. గేలిక్ రానివారు ఆ కేక విని, పిల్లవాని పేరు హేమిష్ కాబోలు అనుకున్నారు. ఆ విధంగా సంబోధన ప్రథమావిభక్తి ఒక స్వతంత్రమైన పేరై ప్రపంచమంతా పాకింది. ‘మారి’ని పిలిస్తే ‘అ వారి’ అవుతుంది. అదీ ఒక ఆడపేరైనది. ఇంగ్లీషు లిపిలో మకారంతో వ్రాసి వకారంతో పలకవలసి రావడంతో ఆ పేరుగల స్త్రీలు జీవితాంతం ఉచ్చారణ దిద్దుతూనే ఉంటారు.

ఇప్పటి స్కాట్లండులో బిడ్డ పుట్టిన 21 రోజులలో నమోదు చేయించాలి. తాత అమ్మమ్మల క్రమం చాలా ఇండ్లలో సడలింది. 1900లో పుట్టిన బిడ్డలలో జాన్, మేరీ పేర్లదే అగ్రస్థానం. ఇప్పుడు ఏటా ప్రభుత్వం ప్రకటించే జాబితాలో ఆ స్థిరత్వం లేదు. చిత్రంగా, మనుషుల పేర్లు వెనుకబడి నేల పేర్లు ముందుకు వచ్చినవి. 2005లో మగపిల్లలలో లూయిస్ మొదటిది. 2020లో ఆడపిల్లలలో ఐలా మొదటిది. ఐలే అనే దీవి పేరునుండి, ఐలా అనే నది పేరునుండి అది వచ్చింది. స్కై, అరన్, హారిస్ అన్నీ దీవులే. ఐల్సా అనే పేరు క్లైడ్ నది ముఖద్వారాన సముద్రంలో నిలిచిన ఐల్సా క్రేగ్ అనే రాతిగుట్టది. మంచుమీద దొర్లించే కర్లింగ్ ఆటరాళ్లు ఆ గుట్ట రాయితోనే చేస్తారు. తాత పేరు మోయలేని నగరవాసి తాత విడిచిపోయిన దీవి పేరు బిడ్డకు ఇస్తున్నాడు. ఇది ఋణం తీర్చుకోవడమో, తప్పించుకోవడమో అనే సందేహం ముసలివారికి ఉంటే తప్పుపట్టలేము. దీవి పేరు పెట్టినంత సులువుగా దీవి భాష రాదు.

భాష సంగతి అంత ధైర్యంగా లేదు. 2022 జనాభా లెక్కలలో పశ్చిమదీవులలో సైతం గేలిక్ మాట్లాడగలవారు జనంలో సగం కంటె తక్కువకు దిగిపోయినారు. మరోవంక నగరాలలో నేర్చుకునేవారు పెరుగుతున్నారు. గ్లాస్గోలో 2006లో గేలిక్ మాధ్యమంగా ఒక పూర్తి పాఠశాల వెలసింది. పశ్చిమదీవుల మండలి 2020లో ఒక నిర్ణయం చేసింది. ఇకమీదట తల్లిదండ్రులు ప్రత్యేకంగా ఇంగ్లీషు కోరితే తప్ప ఒకటవ తరగతి చదువు గేలిక్‌లోనే సాగాలన్నది. 2025లో స్కాట్లండు పార్లమెంటు చట్టం చేసి ఆ భాషకు అధికారిక హోదా కల్పించింది.

ఆ బడులలో హాజరుపట్టీ చూస్తే బెహాక్ బెహాక్‌గానే ఉంటుంది, రెబెకాగా మారదు. షేమస్ అని వ్రాసి ఉంటుంది. ఉపాధ్యాయురాలు పుస్తకం చూచి “అ హేమిష్!” అని పిలుస్తుంది. వెనుక బల్లమీద షేమస్ చేయి ఎత్తుతాడు.